మడిచిన రెండు వేళ్లు

మే 3, శనివారం

మా ఆయన మోకాళ్లు ఎలా ఉన్నాయి? అలాగే ఉన్నాయి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటారు, నేను చూస్తున్నానని తెలిస్తే వదిలేస్తారు. పడితే ఎవరు లేపాలి? వదినకి షుగరు ఎలా ఉంది? నూట తొంభై. చక్కెర డబ్బా అటక మీద దాస్తే కుర్చీ ఎక్కి మరీ దించుకుంటోంది. షుగరు కన్నా ఆ కుర్చీకే నాకు భయం. నేనెలా ఉన్నాను? బాగానే ఉన్నాను. గుండెదడ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. పిచ్చుక ఎలా ఉంది?

ఇక్కడ కలం ఆగిపోయింది.

రాయడమంటే నాకు ఉత్తరం రాయడమే. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఉత్తరంలో ముందు అందరి ఆరోగ్యాలూ వరసగా అడగాలి, తర్వాతే సంగతి. ఇది ఎవరికీ పంపే ఉత్తరం కాదు. పిచ్చుక పని చేసే కళ్లద్దాల షాపు వాళ్ల నోటుపుస్తకం. మొదటి నాలుగు పేజీల్లో ఎవరెవరి కళ్ల నంబర్లో దాని చేతిరాతతో ఉన్నాయి. అవి చింపలేదు. వచ్చాక అడుగుతుంది. ఐదో పేజీ నుంచి రాస్తున్నాను. మనసులో పెట్టుకుంటే గుండె ఆగిపోతుందేమోనని రాస్తున్నాను.

ఇప్పుడు సంగతి. నిన్న పోలీసాయన వచ్చాడు. పిచ్చుక ఎక్కిన పడవ మునిగినప్పటి నుంచీ వస్తున్నవాడే, మంచివాడే. కానీ ఈసారి టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నది వెనక్కి తగ్గింది కదమ్మా. కింద ఇసుక తవ్వేవాళ్లకి కొన్ని ఎముకలు దొరికాయి. ఒక దవడ. ఆడమనిషివన్నారు" అన్నాడు. "ఆ పడవలో పోయినవాళ్లలో ఇంకా దొరకని ఆడవాళ్లు ఇద్దరే. ఒకావిడ అన్నగారు రక్తం ఇచ్చారు. కలవలేదు. ఇక మీరివ్వాలి."

"నా రక్తం పనికిరాదు బాబూ. అది నా కడుపున పుట్టలేదు. మూడేళ్లప్పుడు తెచ్చుకున్నాం."

"ఆ అమ్మాయి సొంతవాళ్లెవరైనా?"

"ఎవరూ రాలేదు" అన్నాను.

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. చప్పుడైంది.

"పోనీ, ఆ అమ్మాయి దువ్వెన ఉందా? పళ్ల బ్రష్షు? వాటి మీద వెంట్రుకలాంటి చిన్న ఆనవాలు ఉన్నా చాలు."

మే 4

దువ్వెన.

పిచ్చుక కనబడకుండా పోయిన మూడో రోజు నేను దాని దువ్వెన సోడా నీళ్లలో ఉడకబెట్టాను. బట్టలన్నీ ఉతికాను. దిండు గలీబు, దుప్పటి, తువ్వాలు, ఆఖరికి చెప్పుల లోపలి అట్టలు కూడా. పాత బ్రష్షు పారేసి కొత్తది కొని గ్లాసులో పెట్టాను. ఊరికే ఏడుస్తూ కూర్చోలేక. నలభై ఏళ్లు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసిన చేతులివి. రోగి లేచి వెళ్తే అన్నీ ఉడకేయాలి, వచ్చేవాళ్లకి అన్నీ శుభ్రంగా ఉండాలి. వచ్చేది పిచ్చుకే కదా అనుకున్నాను.

"ఇల్లంతా ఆసుపత్రి చేశావు, ఏదో రోజు నన్ను కూడా సోడా నీళ్లలో ఉడకేస్తావు" అంది వదిన అప్పుడు.

ఒక్క వెంట్రుక మిగల్లేదు. ఇవాళ మళ్లీ వెతికాను. మంచం కోళ్ల సందుల్లో, తలుపు వెనక. నా తెల్ల వెంట్రుకలు దొరికాయి.

మే 9

పోలీసాయన మమ్మల్ని ల్యాబుకి తీసుకెళ్లాడు. మలుపు తిరిగే మూడు వరండాలు, ఫినాయిలు వాసన. మా ఆయన బయట బల్ల మీద కూర్చున్నారు, లోపలికి నేనొక్కదాన్నే వెళ్లాను. ల్యాబ్ అమ్మాయికి ముప్పై ఉంటాయేమో. కళ్లద్దాలు ముక్కు మీదికి జారిపోతున్నాయి, వేలితో తోసుకుంటూ మాట్లాడుతోంది.

"కుడి పక్క స్క్రూ వదులైందమ్మా. బిగించుకోకపోతే అద్దం ఊడి పడుతుంది" అన్నాను. పిచ్చుక చెప్పేది, అలా జారితే స్క్రూ చూడాలని.

ఆ పిల్ల నవ్వి, "పడవ ఎక్కేనాటికి మీ అమ్మాయికి ఎన్నేళ్లు పెద్దమ్మా?" అంది.

"ఇరవయ్యారు."

"కచ్చితంగా?"

"బడి కాగితం ఉంది."

రాసుకుంది. పన్ను లోపలి నుంచి కాస్త పదార్థం తీశారట. అందులోంచి ఆ మనిషి వయసు అంచనా వేస్తారట. పన్నులో వయసెలా ఉంటుంది, నాకర్థమయ్యేట్టు చెప్పమ్మా అన్నాను. ఒంట్లో ప్రతి కణంలోనూ దారాల్లాంటివి ఉంటాయట. వాటి కొసలకి కాపలాగా చిన్న తొడుగుల్లాంటివి. కణం రెండైనప్పుడల్లా ఆ కొస కాస్త అరుగుతుంది. పుట్టినప్పుడు పొడుగ్గా, వయసు పెరిగేకొద్దీ పొట్టిగా. ఆ కొసని కొలుస్తారు. పేరు అడిగితే కాగితం మీద రాసిచ్చింది, టెలోమియర్ అని. నాకు నోరు తిరగలేదు.

"అయితే దుప్పటి లాగే" అన్నాను.

"ఏం దుప్పటి?"

చెప్పాను. ఆసుపత్రి దుప్పటి కొత్తప్పుడు పదకొండు జానలు. ఉతికి ఉతికి అంచు పీచు లేస్తుంది. ఆ పీచు కత్తిరించి మళ్లీ మడిచి కుట్టాలి, అదే నా పని. కుట్టినప్పుడల్లా వేలెడు తగ్గుతుంది. ఏ దుప్పటి తెచ్చినా నేను జానతో కొలిచి ఎన్నేళ్లదో చెప్పేసేదాన్ని. స్టోరు వాళ్లు పుస్తకం చూసి సరిపోయిందనేవాళ్లు.

"ఎప్పుడూ సరిపోయేదా?"

"అన్నిసార్లూ కాదు. కాన్పుల వార్డు దుప్పటి రోజూ ఉతుకుకి వచ్చేది. రెండేళ్ల దుప్పటి కూడా నాలుగేళ్లదానిలా కనబడేది. ఎక్కువ ఉతుకులు పడ్డది కదా."

ఆ పిల్ల కలం ఆపేసింది. "సరిగ్గా అంతే పెద్దమ్మా. ఆకలి, జబ్బులు, బెంగ ఎక్కువ చూసిన మనిషికి కొసలు తొందరగా అరగొచ్చు. అందుకే ఇదొక్కటే నమ్మం. పంటి వేరు కూడా చూస్తాం. అన్నీ చూసినా ఫలానా వయసని చెప్పలేం. ఇంత నుంచి ఇంత దాకా అంటాం." తర్వాత నవ్వింది. "నా ఉద్యోగం మీరు నలభై ఏళ్లు చేశారన్నమాట."

నాకూ నవ్వొచ్చింది. ఆ గదిలో నవ్వినందుకు బస్సులో దారంతా ఏడ్చాను.

మే 10

ఇరవయ్యారు.

మే 13

ఆయనకి జలుబు. వదిన కాలి వేలికి దెబ్బ, షుగరు ఒంటికి దెబ్బ మానదు. గ్యాసు పొయ్యి కట్టేశానో లేదోనని వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. కట్టేసే ఉంది. ల్యాబ్ అమ్మాయి మధ్యాహ్నం ఏమైనా తింటుందో లేదో, ఆ ఎముకల మధ్య.

మే 20

ఫలితం వచ్చింది. ఇరవై ఎనిమిది నుంచి ముప్పై ఎనిమిది దాకా.

పోలీసాయన గుమ్మంలో నిలబడే చెప్పాడు. "ఇరవయ్యారంటే ఈ లెక్కలోకి రాదమ్మా. పై నుంచి కొట్టుకొచ్చిన వేరే మనిషి అయి ఉంటుంది. మీ అమ్మాయి కాదనే రాస్తున్నారు."

వదిన నన్ను వాటేసుకుని ఏడ్చింది. "చెప్పానా? చెప్పానా నీకు? ఆ పిల్ల ఎక్కడో ఉంది. తల తిరిగి, ఊరు మర్చిపోయి ఎక్కడో ఉంది" అంటూ చక్కెర వేసుకుని టీ తాగింది. నేను చూస్తుండగానే తాగింది, ఈ ఒక్క రోజుకీ ఏమీ అనలేదు.

మా ఆయన మాత్రం కిటికీ దగ్గర నిలబడి, "ఇరవయ్యారా" అని గొణుక్కున్నారు. చెవుడు కదా, ఏం విన్నారో.

పిచ్చుక మంచం దులిపి దుప్పటి మార్చాను. ఒళ్లు తేలికైంది. ఎనిమిది నెలల తర్వాత కడుపునిండా తిన్నాను.

మే 21

తిన్నది అరగలేదు.

మే 24

పోలీసాయన వీధిలో కనబడితే ఊరికే అడిగాను, ఆ ఎముకలు ఏం చేస్తారని. ఎవరూ రాకపోతే నెల తర్వాత నంబరు వేసి పాతిపెట్టేస్తారట. రాయి ఉండదు, పేరు ఉండదు, చిన్న రేకు ముక్క మీద నంబరు.

ఎవరి బిడ్డో పాపం. ఎవరో ఒకరు వస్తారులే. వెతుక్కునేవాళ్లు ఉండరా?

నేను అబద్ధం చెప్పలేదు. బడి కాగితంలో ఉన్నదే చెప్పాను.

మే 28

ల్యాబ్ అమ్మాయి ఫోను చేసింది. "తప్పుగా అనుకోకండి పెద్దమ్మా. బడిలో వేసేటప్పుడు వయసు తగ్గించి రాయించడం మామూలే. మా అమ్మకి మూడు పుట్టినరోజులున్నాయి, దేనికి బహుమతి ఇవ్వాలో మాకే తెలీదు. మీరేమైనా..."

"మేమేం రాయించలేదు" అని పెట్టేశాను.

ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. నిజంగానే నేను రాయించలేదు. హెడ్మాస్టరు రాశాడు. నేను చెప్పానంతే.

మే 29

ఆ పిల్ల మీద విసుక్కోకుండా ఉండాల్సింది. స్క్రూ బిగించుకుందో లేదో కూడా అడగలేదు.

మే 31

ఆయన పడుకున్నారు. వదిన పక్కింటికి వెళ్లింది. మధ్యాహ్నం రెండున్నర. ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేను.

పడవ మునగడానికి ఇరవై మూడేళ్ల ముందు ఆడవాళ్ల వార్డులో ఒకామె చనిపోయింది. జ్వరంతో వచ్చింది, పేరు చెప్పే ఓపిక కూడా లేదు. మంచం కింద ఒక పిల్ల కూర్చుని ఉంది. ఎముకలూ కళ్లూ తప్ప ఏమీ లేని పిల్ల. ఆ దుప్పటి ఉతుక్కి తీసుకోవడానికి వెళ్లాను. లాగితే రెండో కొస ఆ పిల్ల పట్టుకుని ఉంది. వదల్లేదు. దుప్పటితోపాటు పిల్ల కూడా నాతో లాండ్రీకి వచ్చేసింది.

మాకు పిల్లలు లేరు. అప్పటికి పదహారేళ్లు డాక్టర్ల చుట్టూ తిరిగి మానేశాం.

"నీకెన్నేళ్లమ్మా?" అన్నాను. మాట్లాడలేదు. చెయ్యి ఎత్తి ఐదు వేళ్లూ చూపించింది. కాసేపు ఆలోచించి, రెండో చేతి వేలొకటి తెచ్చి, దాన్ని సగానికి వంచి పక్కన పెట్టింది. ఐదున్నర. ఎవరు నేర్పారో, అంత ముద్దుగా.

నేను ఆ సగం వేలిని కిందికి దించాను. ఐదు వేళ్లలో రెండు మడిచాను. "మూడు. ఎవరడిగినా మూడే. సరేనా?" అన్నాను.

ఎందుకంటే ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఐదేళ్ల పిల్ల కోసం వస్తారు. మూడేళ్ల పిల్ల కోసం రారు. ఈ తెలివి నాకెక్కడి నుంచి వచ్చిందో. బడిలో లెక్కలే రానిదాన్ని.

పిల్ల అంత సన్నగా ఉంటే ఎవరు కాదంటారు? అందరూ నమ్మారు. ఆరు నెలలు మాట్లాడలేదు కాబట్టి అదీ చెప్పలేదు. తర్వాత అదే మూడు అనడం మొదలుపెట్టింది. నేను కన్నదాన్ని కాదని పెద్దయ్యాక చెప్పాను. ఇది చెప్పలేదు.

ఇంకా ఉంది. నీళ్లు తాగొచ్చి రాస్తాను.

నెల తర్వాత ఒక పెద్దాయన వచ్చాడు. దుమ్ము కొట్టుకున్న కాళ్లు. కూతురు ఇంట్లో గొడవపడి పిల్లని తీసుకుని వెళ్లిపోయిందట, ఆసుపత్రులన్నీ తిరుగుతున్నాడట. మనవరాలికి ఐదారేళ్లు అని చెబుతున్నాడు. నర్సమ్మ నన్ను కేకేసింది, "ఏమే, నీ దగ్గరున్న పిల్లకెన్నేళ్లు?" అని.

"మూడు" అన్నాను.

"అయితే కాదులే తాతా" అంది.

ఆయన లాండ్రీ బయట బల్ల మీద కూర్చుండిపోయాడు. చేతిలో ఒక జత చిన్న చెప్పులు. పిల్ల చెప్పులు లేకుండా వెళ్లిపోయిందట, అందుకని వెంట తెచ్చుకున్నాడట. మంచినీళ్లు అడిగాడు. ఇచ్చాను. గ్లాసు ఇచ్చేటప్పుడు చెప్పులు చూశాను. పిచ్చుక పాదం నాకు తెలుసు. సరిగ్గా ఆ కొలతే.

పిచ్చుక అప్పుడు ఆరేసిన దుప్పట్ల వెనక ఆడుకుంటోంది. పది అడుగుల దూరం. ఒక్క గాలి వీస్తే చాలు. గాలి వీయలేదు.

ఆయన వెళ్లిపోయాడు.

పోలీసాయనతో ఎవరూ రాలేదన్నాను. వచ్చారు. చెప్పులతో వచ్చారు.

ఐదున్నరకి ఇరవై మూడేళ్లు కలిపితే ఎంతవుతుందో కూడటం నాకు వచ్చు. మే ఇరవయ్యో తారీఖునే కూడాను. పోలీసాయన గుమ్మంలో ఉండగానే కూడాను.

జూన్ 2

ఆయనకి చెప్పాను. పొద్దున వరండాలో ఆయన గోళ్లు తీస్తూ చెప్పాను. చెవుడు కాబట్టి గట్టిగా చెప్పాలి, గట్టిగా చెబితే వీధంతా వింటుంది. అందుకని చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ముసలాళ్ల సరసం అనుకుని పక్కింటామె లోపలికి వెళ్లిపోయింది.

అంతా విన్నారు. చేతిని వెనక్కి తీసుకోలేదు.

"నాకు తెలుసే" అన్నారు.

"ఏం తెలుసు?"

"మనింటికి వచ్చిన ఏడాదిలోపే దానికి కింది పాలపన్ను ఊడింది. గుర్తుందా? దూదిలో చుట్టి నాకిచ్చావు. నాలుగేళ్లయినా నిండకుండా పాలపళ్లు ఊడిన పిల్లని ఎక్కడైనా చూశావా?"

"మరి ఎందుకు అడగలేదు?"

తీసిన గోటిని వేలితో తడిమి చూసుకున్నారు. "అడిగితే నువ్వు చెబుతావు. చెబితే తిరిగిచ్చేయాలి. నాకు మాత్రం ఇవ్వాలని ఉందా?" అన్నారు.

పెద్దాయన సంగతీ, చెప్పుల సంగతీ మాత్రం ఆయనకి తెలియదు. అది విన్నాక లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్లారు. నేను చూస్తున్నా వదల్లేదు. తలుపు వేసుకున్నారు. ఏడుస్తున్నారని వదిన గ్రహించింది.

"ఒరే తమ్ముడూ, తలుపు తియ్యి" అంది. తియ్యకపోతే అక్కడే నేల మీద చతికిలబడింది. "ఏమైందే?" అని నన్నడిగింది. చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తిడితే బాగుండును.

కాలి కట్టు సర్దుకుంటూ, "అంటే పిల్ల దొరికినట్టేనా?" అంది.

ఆ మాట ఇంతవరకూ నేను అనుకోలేదు. దొరికినట్టే.

జూన్ 4

ముగ్గురం వెళ్లాం. వదిన వద్దన్నా వచ్చింది, కాలికి కట్టుతో. ల్యాబ్ అమ్మాయి అద్దాలు జారడం లేదు.

నేను నోటితో చెప్పలేనేమోనని ఈ పుస్తకం తీసుకెళ్లాను. చూపించే పని లేకుండా చెప్పేశాను. ఐదు వేళ్లు చూపించాను. సగం వేలు చూపించాను. ఆ పిల్ల కాగితం మీద లెక్క వేసుకుంది.

"ఇరవై ఎనిమిదిన్నర. లెక్కలోకి వస్తుంది పెద్దమ్మా, అంచు మీద."

"కొసలు ఇంకా ఎక్కువ వయసు చూపించాయి కదమ్మా" అన్నాను.

"అవి ఎక్కువే చూపించాయి. కానీ మీరే చెప్పారు కదా, ఎక్కువ ఉతుకులు పడ్డ దుప్పటి అని."

మంచం కింద కూర్చున్న ఆ ఎముకల పిల్ల కళ్లముందుకొచ్చింది. మా ఇంటికొచ్చేసరికే ఎన్ని ఉతుకులు పడిందో. మా ఇంట్లో పడిన ఉతుకులెన్నో. పలక మీద తన వయసు రాసుకుంటే నేను చెరిపి దిద్దిన రోజు ఒకటుంది.

"ఆమేనని నేను కచ్చితంగా రాయలేను. కాదని రాసిన మాట మాత్రం తీసేస్తాను. దొరకని రెండో ఆవిడ కాదని ముందే తేలింది. మిగతాది పోలీసులు చూసుకుంటారు." మళ్లీ తనే అంది, "ఆ తాతగారి తాలూకు ఎవరైనా ఉంటే ఒక్క రక్తం చుక్కతో తేలిపోయేది."

"ఉండనివ్వకుండా చేసింది నేనే కదమ్మా."

ఆ పిల్ల కొత్త కాగితం తీసింది. ఆ వార్డు పేరూ, ఏడాదీ, పెద్దాయన ఆనవాళ్లూ అన్నీ రాసుకుంది. ఎవరైనా ఎప్పుడైనా ఐదున్నరేళ్ల పిల్ల కోసం అడుగుతూ వస్తే చెప్పడానికి ఫైలులో ఉంటుందంది. ఇరవై మూడేళ్ల తర్వాత ఎవరొస్తారు అనలేదు. మంచి పిల్ల.

జూన్ 7

పోలీసాయన వచ్చాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పైవాళ్లు ఒప్పుకున్నారట. పిచ్చుకని మాకిస్తారట.

వయసు దగ్గర ఏం రాయమంటారమ్మా అన్నాడు. ఇరవై ఎనిమిదిన్నర అన్నాను. సగాలు రాయరట. ఇరవై ఎనిమిది రాశాడు. ఆ సగం వేలు మళ్లీ నా దగ్గరే ఉండిపోయింది.

జూన్ 8, ఆదివారం

ఆయన మోకాళ్లు బాగాలేవు. అయినా నడుస్తానంటున్నారు, చక్రాల కుర్చీ వద్దట. వదిన షుగరు నూట అరవై. చక్కెర డబ్బా తనే తెచ్చి నాకిచ్చేసింది, దాచెయ్యి అని. నా గుండెదడ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు.

రిటైరైన రోజు స్టోరు వాళ్లు ఇచ్చిన కొత్త దుప్పటి పెట్టెలో ఉంది. పిచ్చుక పెళ్లికని దాచాను. ఇవాళ తీసి నేల మీద పరిచి జానతో కొలిచాను. పదకొండు. ఒక్క ఉతుకూ పడలేదు. అందులో తెచ్చుకుంటాం. కొత్త చెప్పులు కూడా కొన్నాను. ఆ పెద్దాయన చేతిలో ఉన్న కొలతవి. షాపువాడు, ఎన్నేళ్ల పాపకమ్మా అన్నాడు.

"ఐదున్నర" అన్నాను. మొదటిసారి పైకి అన్నాను.

పిచ్చుక ఎలా ఉంది? మూడో వరండాలో, ఎడమవైపు గదిలో ఉంది. ల్యాబ్ అమ్మాయి చూసుకుంటోంది. వస్తున్నాం. బుధవారం, పదకొండో తారీఖు, పొద్దున పదిన్నరకి.